పైన సున్నా, కింద సున్నా

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో సాగు లెక్క అంటే చాలావరకు భాగహారమే. ఎకరాకు ఎన్ని క్వింటాళ్ల పత్తి వచ్చింది, క్వింటా మిర్చికి పెట్టుబడి ఎంత పడింది, యార్డులో సగటున ఏ ధర పలికింది అని ఎవరు అడిగినా ఒక అంకెను మరో అంకెతో భాగించక తప్పదు. పంట బాగా పండిన ఏడు ఈ లెక్కలకు ఐదో తరగతి చదువు చాలు. పంట పోయిన ఏడు లెక్కలోకి సున్నా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు అదే ఐదో తరగతి భాగహారం, గణితశాస్త్రాన్ని దాదాపు పన్నెండు వందల ఏళ్లు తికమకపెట్టిన ప్రశ్నగా మారిపోతుంది.

మిరప రైతులకు 2021–22 సీజన్ అలాంటిదే. ‘త్రిప్స్ పార్విస్పైనస్’ అనే నల్ల తామరపురుగు పూతలో చేరి రసం పీల్చేసింది. పూత రాలింది, కాయ పట్టలేదు. చాలామంది తోటలు పీకేసి మరో పంట వేసుకున్నారు. అలా నష్టపోయిన ఒక రైతు లెక్కను ఊహించుకుందాం. సాగు మూడెకరాలు. ఎకరాకు రెండు లక్షల చొప్పున పెట్టుబడి ఆరు లక్షలు. చేతికొచ్చిన కాయలు సున్నా.

ఈ లెక్క మీద మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఎకరాకు దిగుబడి ఎంత? సున్నా క్వింటాళ్లను మూడెకరాలతో భాగించాలి. క్వింటాకు పెట్టుబడి ఎంత పడింది? ఆరు లక్షలను సున్నా క్వింటాళ్లతో భాగించాలి. క్వింటాకు సగటున ఏ ధర వచ్చింది? అమ్మగా వచ్చిన డబ్బు సున్నా, అమ్మిన సరుకు సున్నా కాబట్టి సున్నాను సున్నాతో భాగించాలి.

చూడ్డానికి మూడింటిలోనూ ఉన్నది ఒకే సున్నా. జవాబులు మాత్రం మూడు రకాలు. మొదటి ప్రశ్నకు ఒకే ఒక్క జవాబుంది. రెండోదానికి అసలు లేదు. మూడోదానికి ఏ జవాబు చెప్పినా సరిపోతుంది, అందుకే ఏదీ పనికిరాదు. ఈ తేడా ఎవరో పెద్దలు కూర్చుని విధించిన నిషేధం కాదు. భాగహారం అంటే ఏమిటో అర్థమైతే, బడిపిల్లలు కూడా తమంతట తామే తేల్చుకోగలిగిన సంగతి.

భాగహారానికి సాక్షి గుణకారం

పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు. ఎందుకు నాలుగు? మూడు నాలుగుల పన్నెండు కాబట్టి. ఎక్కాలు వచ్చిన పిల్లలందరికీ తెలిసిన ఈ సంగతిలోనే భాగహారం నిర్వచనం ఉంది. ఏదైనా సంఖ్యను భాజకంతో భాగించడమంటే, ఆ భాజకాన్ని దేనితో గుణిస్తే మొదటి సంఖ్య వస్తుందో వెతకడం. దొరికిన భాగఫలం సరైనదో కాదో తేల్చే సాక్షి గుణకారమే.

రైతు మొదటి ప్రశ్నను ఈ సాక్షి ముందు పెడదాం. మూడును దేనితో గుణిస్తే సున్నా వస్తుంది? సున్నాతో గుణిస్తేనే వస్తుంది, మరే సంఖ్యతో గుణించినా రాదు. కాబట్టి సున్నాను మూడుతో భాగిస్తే సున్నా. మూడు బదులు ముప్పై ఎకరాలున్నా, అరెకరం ఉన్నా అదే జవాబు. భాజకం సున్నా కానంతవరకు, సున్నాను దేనితో భాగించినా సున్నాయే. ఎకరాకు సున్నా క్వింటాళ్లు అనే మాట పూర్తి అర్థమున్న, నిక్కమైన లెక్క. రైతుకు జరిగిన నష్టాన్ని అది ఉన్నదున్నట్టు చెబుతుంది.

సున్నా భాగఫలం మధ్యలో వచ్చే సందర్భం ఒకటుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. మిర్చి యార్డులో బస్తాలు మోసిన ఆరుగురు హమాలీల ముఠాకు 1,206 రూపాయలు వచ్చాయనుకుందాం. ఆరుతో భాగించేటప్పుడు పన్నెండులో ఆరు రెండుసార్లు పోతుంది. తర్వాత సున్నాను దించుకోవాలి. సున్నాలో ఆరు సున్నా సార్లు పోతుంది కనుక భాగఫలంలో సున్నా రాయాలి. చివరి ఆరులో ఒకసారి పోతుంది. జవాబు 201. ‘సున్నాలో ఏముంది’ అని ఆ మెట్టు దాటేసిన పిల్లవాడికి 21 వస్తుంది. సాక్షిని పిలిస్తే తప్పు వెంటనే బయటపడుతుంది: ఆరు ఇరవై ఒకట్లు 126 మాత్రమే. ముఠాకు రావలసిన సొమ్ములో 1,080 రూపాయలు ఒక్క సున్నా రాయకపోవడం వల్ల మాయమయ్యాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న. సున్నాను దేనితో గుణిస్తే ఆరు లక్షలు వస్తాయి? పదితో గుణించినా సున్నా, కోటితో గుణించినా సున్నా. ఎంత పెద్ద సంఖ్యను తెచ్చినా గుణకారం సాక్ష్యం చెప్పదు. అలాంటి సంఖ్య లేదు. జవాబు చాలా పెద్దదనో, మన చేతికి అందనిదనో కాదు, అసలు లేదని దీని అర్థం. పాఠ్యపుస్తకాలు ‘నిర్వచింపబడదు’ అని రాసేది దీన్ని గురించే.

భాగహారాన్ని వరుస తీసివేతగా చూసినా ఇదే తేలుతుంది. పన్నెండులోంచి మూడేసి చొప్పున నాలుగుసార్లు తీస్తే ఏమీ మిగలదు. ఆరు లక్షల్లోంచి సున్నా చొప్పున తీసేస్తూ పోతే మొదటిసారి తర్వాత ఆరు లక్షలే ఉంటాయి, లక్షోసారి తర్వాతా ఆరు లక్షలే ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కార్యాలయాల్లో వాడిన విద్యుత్ యాంత్రిక గణన యంత్రాలు వరుస తీసివేతతోనే భాగహారం చేసేవి. వాటిలో కొన్నింటికి సున్నాతో భాగించమని చెబితే, లోపలి చక్రాలు తిరుగుతూనే ఉండేవి. ఎవరో వచ్చి ఆపేదాకా ఆగేవి కావు.

మూడో ప్రశ్నది మరో తీరు. సున్నాను దేనితో గుణిస్తే సున్నా వస్తుంది? ఒకటితో గుణించినా వస్తుంది, ఇరవై వేలతో గుణించినా వస్తుంది. ప్రతి సంఖ్యకూ గుణకారం సాక్ష్యం చెబుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా ఎండలు ముదిరాక మే నెలలో కొన్ని వారాలు సెలవులిస్తారు. ఆ రోజుల్లో యార్డులో అమ్మకాల విలువ సున్నా, అమ్మిన సరుకు సున్నా. ఆ రోజు క్వింటా సగటు ధర 5,000 అన్నా, 25,000 అన్నా లెక్క తప్పు పట్టదు. సున్నా క్వింటాళ్లను ఏ ధరకు అమ్మినా వచ్చేది సున్నా రూపాయలే కదా. ఏ ధర చెప్పినా చెల్లే చోట సగటు ధర అనే మాటకు విలువ ఉండదు. అందుకే గణితంలో 0/0ను అనిశ్చిత రూపం అంటారు.

పావులూరి దారిలో

ప్రత్తిపాడు నుంచి దక్షిణంగా పెదనందిపాడు, పర్చూరు దాటి వెళితే ఇంకొల్లు మండలంలో పావులూరు వస్తుంది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లనది ఈ ఊరే. అప్పట్లో ఈ ప్రాంతాన్ని కమ్మనాడు అనేవారు. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి ఈ కవి, మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసారసంగ్రహం’ ఆధారంగా ‘సారసంగ్రహ గణితం’ రాశాడు. మాటకు మాట తెనిగించి ఊరుకోలేదు. మూలంలో జైన సంప్రదాయానికి చెందిన ప్రస్తావనలు ఉన్న చోట శైవ ప్రస్తావనలు పెట్టాడు, సొంత ఉదాహరణలు చేర్చాడు, లెక్కలన్నీ పద్యాల్లో చెప్పాడు. తెలుగులో కావ్యరచన ఇంకా తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే లెక్కల పుస్తకం కూడా పద్యమై వచ్చిందంటే, ఈ భాష శాస్త్రాన్ని మోయడం ఎంత ముందుగా మొదలుపెట్టిందో తెలుస్తుంది.

మల్లనకు ఆధారమైన గ్రంథాన్ని మహావీరుడు క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో రాశాడు. మద్రాసులో ఎం. రంగాచార్య దాన్ని ఇంగ్లీషు అనువాదంతో పరిష్కరించగా 1912లో ప్రభుత్వం అచ్చువేసింది. అందులో సున్నా గురించి మహావీరుడు చెప్పిన సూత్రాల సారం ఇది: ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నా. సున్నాను కలిపినా, తీసేసినా సంఖ్య మారదు. సున్నాతో భాగించినా మారదు.

చివరి మాట తప్పు. ఆ తప్పు ఎక్కడిదో అర్థం చేసుకుంటే భాగహారమే ఇంకా బాగా అర్థమవుతుంది.

మన రైతు లెక్కకు ఆ సూత్రం వాడితే, ఆరు లక్షలను సున్నా క్వింటాళ్లతో భాగిస్తే క్వింటాకు ఆరు లక్షలు పడినట్టు. మూడెకరాల్లో సరిగ్గా ఒక్క క్వింటా పండి ఉంటే పడే పెట్టుబడి కూడా అదే. అంటే ఒక క్వింటా పండిన రైతుకూ, ఏమీ పండని రైతుకూ ఒకే జవాబు. మహావీరుడు చిన్న గణితవేత్త కాదు. భిన్నాల మీద, శ్రేఢుల మీద, ఎన్ని రకాలుగా ఎంపిక చేయవచ్చో చెప్పే లెక్కల మీద ఆయన చేసిన పని గొప్పది. ఇక్కడ ఆయన ఇలా ఆలోచించి ఉండవచ్చు: పంచుకునేవాళ్లు ఎవరూ లేకపోతే పంచడం జరగదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ ఆలోచనలో సత్యం లేకపోలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అయితే అలా ఉండిపోయినది భాగఫలం కాదు, సరిగ్గా చూస్తే శేషం కూడా కాదు.

గణితంలో ‘యూక్లిడ్ భాగహార న్యాయం’ అని ఒకటుంది. విభాజ్యం అంటే భాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపితే వచ్చేది. శేషం సున్నా కంటే తక్కువ కాకూడదు, భాజకం కంటే తక్కువగా ఉండాలి. భాజకం సున్నా అయితే శేషం సున్నా కంటే తక్కువ కాకూడదు, సున్నా కంటే తక్కువగా ఉండాలి. రెండు షరతులూ ఒకేసారి నెరవేర్చే సంఖ్య లేదు. కాబట్టి భాగహారం పూర్తయ్యేది కాదు. మిగిలిన ఆరు లక్షలను శేషమని కూడా అనలేము, అవి ఇంకా పంచకుండా మిగిలిన మొత్తమే. మహావీరుడు చూసింది ఆ మొత్తాన్ని.

ఆయనకు రెండు శతాబ్దాల ముందే బ్రహ్మగుప్తుడు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. నేటి రాజస్థాన్‌లోని భిన్‌మాల్‌కు అప్పటి పేరు భిల్లమాల. అక్కడ ముప్పై ఏళ్ల వయసులో, క్రీ.శ. 628లో రాసిన ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ఆయన ధన రుణ సంఖ్యలతో పాటు సున్నాకూ గుణకార భాగహార నియమాలు చెప్పాడు. సున్నాను ఒక ఖాళీ స్థానం గుర్తుగా వదిలేయకుండా, ఒక సంఖ్యగా పనిచేయించిన తొలి స్పష్టమైన నియమాలుగా వీటిని చరిత్రకారులు లెక్కిస్తారు. సున్నా కాని సంఖ్యను సున్నాతో భాగించినప్పుడు ఆయన ఒక విలువ కట్టకుండా, సున్నా హారంగా గల భిన్నమని చెప్పి వదిలాడు. అక్కడ తొందరపడలేదు. సున్నాను సున్నాతో భాగిస్తే మాత్రం సున్నా అన్నాడు. దాన్ని మిర్చి యార్డుకు వర్తింపజేస్తే సెలవు రోజున క్వింటా మిర్చి సగటు ధర సున్నా రూపాయలు. యార్డు మూసి ఉన్న రోజున మిర్చి ఉచితమని ఏ రైతూ ఒప్పుకోడు, గణితమూ ఒప్పుకోదు.

తర్వాత వచ్చిన భాస్కరాచార్యుడు 1150లో ‘లీలావతి’ రాశాడు. సున్నా హారంగా ఉన్న రాశికి ‘ఖహరం’ అనే పేరు వాడి, అది అనంతమన్నాడు. ఆ రాశికి ఎంత కలిపినా, ఎంత తీసేసినా మారదనీ, ప్రళయకాలంలో జీవులన్నీ తనలో చేరినా, సృష్టికాలంలో వెలువడినా మార్పు లేని విష్ణువులా ఉంటుందనీ ‘బీజగణితం’లో వర్ణించాడు. మహావీరుడి సూత్రం కంటే ఇది చాలా ముందడుగు. భాజకం సున్నా వైపు జరిగేకొద్దీ జవాబు హద్దు లేకుండా పెరుగుతుందన్న సత్యం ఇందులో ఉంది. కానీ అనంతాన్ని మామూలు సంఖ్యల్లో ఒకటిగా తీసుకుంటే సాక్షి అడ్డుపడుతుంది. ఒకటిని సున్నాతో భాగించినా, రెండును సున్నాతో భాగించినా ఒకే అనంతం వస్తే, ఆ అనంతాన్ని సున్నాతో గుణించినప్పుడు ఒకటి రావాలా, రెండు రావాలా?

ముగ్గురు మహా గణితవేత్తలు, మూడు జవాబులు. వీళ్లలో ఎవరినీ చిన్నచూపు చూడనక్కర్లేదు. సున్నాతో భాగిస్తే ఏమవుతుందని అడగడానికే ముందు సున్నాను సంఖ్యగా అంగీకరించాలి. ఆ ధైర్యం చేసిన సంప్రదాయంలోనే ఈ తప్పులు పుట్టాయి, దిద్దుబాట్లూ పుట్టాయి.

సున్నా దగ్గరకు వెళ్లి చూస్తే

సున్నా దగ్గర ఏం జరుగుతుందో చూడాలంటే దాని వైపు మెల్లగా నడవాలి. ఆరు లక్షల పెట్టుబడికి 60 క్వింటాళ్లు పండితే క్వింటాకు 10,000 రూపాయలు పడుతుంది. 30 పండితే 20,000. ఆరు పండితే లక్ష. ఒక్కటే పండితే ఆరు లక్షలు. పది కిలోలు మాత్రమే చేతికొస్తే, క్వింటా లెక్కన 60 లక్షలు. ఒకే ఒక్క కిలో వస్తే ఆరు కోట్లు. దిగుబడి తగ్గేకొద్దీ ఈ అంకె ఎక్కడా ఆగదు. ఎవరు ఎంత పెద్ద మొత్తం చెప్పినా, దాన్ని దాటించే చిన్న దిగుబడి ఒకటి ఉంటుంది. భాస్కరుడి మాటలోని సత్యం ఇదే. నేటి గణితం దీన్ని ‘అవధి’ భాషలో చెబుతుంది: భాజకం ధన సంఖ్యల వైపు నుంచి సున్నాను సమీపిస్తే భాగఫలం హద్దు లేకుండా పెరుగుతుంది.

దిగుబడి ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు కాబట్టి పొలంలో ఒకవైపు నుంచే నడవగలం. సంఖ్యారేఖకు రెండో వైపు కూడా ఉంది. ఒకటిని మైనస్ ఒకటితో భాగిస్తే మైనస్ ఒకటి, మైనస్ పదో వంతుతో భాగిస్తే మైనస్ పది, మైనస్ వందో వంతుతో భాగిస్తే మైనస్ వంద. ఈ వైపు నుంచి వస్తే జవాబు కిందికి, రుణ సంఖ్యల లోతుల్లోకి జారిపోతుంది. కుడి నుంచి వస్తే పైకి, ఎడమ నుంచి వస్తే కిందికి. సరిగ్గా సున్నా దగ్గర ఏ విలువ పెట్టినా రెండు దారులూ కలవవు.

రెండు సున్నాలు ఎదురైన చోట నడక ఇంకా ఆసక్తికరం. ‘లీలావతి’లో ఒక లెక్క ఉంది. ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వస్తుంది. ఆ సంఖ్య ఏది? భాస్కరుడి జవాబు 14. సున్నాతో గుణించి మళ్లీ సున్నాతోనే భాగిస్తే సంఖ్య మారదని ఆయన పద్ధతి. అలాగైతే పద్నాలుగుకు సగం ఏడు కలిపితే 21, మూడు రెట్లు 63. ఇప్పటి నియమాల ప్రకారం సరిగ్గా సున్నా దగ్గర ఈ లెక్క చెల్లదు. కానీ సున్నా బదులు ఎంత చిన్న సంఖ్య పెట్టినా, అది సున్నా కానంతవరకు, జవాబు 14 అనే వస్తుంది. ఇలాంటి లెక్క గ్రహగణితంలో ఎంతో ఉపయోగమని కూడా భాస్కరుడు చెప్పాడు.

ఉపయోగం నిజమే. చిలకలూరిపేట నుంచి గుంటూరు వైపు జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు నిమిషంలో కిలోమీటరు పోతుంది, సెకనులో దాదాపు 16.7 మీటర్లు, సెకనులో పదో వంతులో 1.67 మీటర్లు. దూరాన్ని కాలంతో భాగిస్తే ప్రతిసారీ అదే వేగం. ‘ఈ క్షణంలో’ వేగం ఎంత అని అడిగితే మాత్రం దూరమూ సున్నా, కాలమూ సున్నా. అయినా వేగసూచిక ముల్లు 60 దగ్గరే ఉంటుంది. ఆ అంకె 0/0 నుంచి రాలేదు, రెండూ సున్నా వైపు జరుగుతున్నప్పుడు వాటి నిష్పత్తి దేన్ని సమీపిస్తోందో చూసి చెప్పినది. పదిహేడో శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ కట్టిన కలనగణితం దీని మీదే నిలిచింది. సున్నాతో భాగిస్తున్నారా, భాగించడం లేదా తేల్చుకోమని 1734లో ఐర్లండ్ తత్వవేత్త బర్క్‌లీ నిలదీశాడు. ఆ ప్రశ్నకు గట్టి జవాబు కట్టడం 1821లో ఫ్రాన్స్‌లో కోషీ రాసిన పాఠ్యగ్రంథంతో మొదలైంది. సున్నాతో భాగించకుండా, సున్నాను సమీపించే అవధిని పట్టుకోవడమే ఆ జవాబు.

ఒక్క తప్పు చాలు

సున్నాతో భాగించడానికి ఒక్కసారి అనుమతి ఇస్తే ఏమవుతుంది? ఐదు సున్నాలు సున్నా. తొమ్మిది సున్నాలు సున్నా. కాబట్టి రెండూ సమానం. రెండు వైపులా ఉన్న సున్నాను కొట్టేస్తే ఐదు, తొమ్మిది సమానమవుతాయి. కొట్టేయడమంటే ఇక్కడ రెండు వైపులా సున్నాతో భాగించడమే. ఇదే దారిలో ఏ రెండు సంఖ్యలైనా సమానమని చూపవచ్చు. మిగిలిన నియమాలన్నీ అలాగే ఉంచి ఈ ఒక్క భాగహారాన్ని లోపలికి రానిస్తే, సంఖ్యలన్నీ కలిసి సున్నా అనే ఒక్క సంఖ్యగా కుంగిపోతాయి. ఎకరాలు, క్వింటాళ్లు, రూపాయలు ఏవీ మిగలవు. అకరణీయ సంఖ్యల నిర్వచనంలో హారం సున్నా కాకూడదని తప్పనిసరిగా రాసేది అందుకే. బీజగణితంలో హారంలో అక్షరం ఉన్నప్పుడు, ఆ అక్షరం విలువ సున్నా కాదని రూఢి చేసుకున్నాకే కొట్టేయాలని ఉపాధ్యాయులు పట్టుబట్టేదీ అందుకే.

కంప్యూటర్ల కాలంలో ఇది కాగితం మీది ప్రమాదంగా ఆగలేదు. 1997 సెప్టెంబర్ 21న అమెరికా నౌకాదళపు క్షిపణి నౌక ‘యార్క్‌టౌన్’ వర్జీనియా తీరంలో విన్యాసాలు చేస్తోంది. సిబ్బందిలో ఒకరు డేటాబేస్‌లోని ఒక గడిలో సున్నా నమోదు చేశారు. ప్రోగ్రాం ఆ సున్నాతో భాగించబోయింది. ఆ గడిలో సున్నా రాకుండా చూసే కాపలా ఏదీ లేదు. లోపం నౌకలోని కంప్యూటర్ల నెట్‌వర్క్ అంతా పాకి, ఇంజన్ల నియంత్రణ పోయింది. యుద్ధనౌక దాదాపు రెండు గంటల ముప్పావు సముద్రంలో కదలకుండా ఉండిపోయింది.

అంతకు ముందే, 1985లో, కంప్యూటర్లు దశాంశాల లెక్కలు ఎలా చేయాలో చెప్పే ‘ఐట్రిపుల్‌ఈ 754’ ప్రమాణం వచ్చింది. అందులోనూ మన రైతు లెక్కలోని తేడాయే కనిపిస్తుంది. సున్నా కాని సంఖ్యను సున్నాతో భాగిస్తే యంత్రం అనంతం గుర్తు ఇస్తుంది. ధన రుణ దిశలు పోకుండా ఆ గుర్తుకు ప్లస్ లేదా మైనస్ తగిలిస్తుంది. సున్నాను సున్నాతో భాగిస్తే ‘ఇది సంఖ్య కాదు’ అనే వేరే గుర్తు ఇస్తుంది. జవాబు లేని చోటునూ, జవాబులు లెక్కకు మిక్కిలి ఉన్న చోటునూ కలిపేయకూడదని ప్రమాణం రాసినవాళ్లు గుర్తించారు.

సున్నా రాయాలా, ఖాళీ వదలాలా

సగటు లెక్కల పట్టికలు నింపేవాళ్లకు ఈ గణితం రోజూ ఎదురవుతుంది. గడిలో సున్నా రాయడం వేరు, ఖాళీ వదలడం వేరు. ఎక్సెల్‌లో సగటు తీయమంటే ఖాళీ గడులను వదిలేస్తుంది, సున్నాలను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది.

ఒక నెలలో 20 రోజులు మార్కెట్ నడిచి, రోజూ క్వింటా మిర్చి 15,000 పలికిందనుకుందాం. మిగిలిన పది రోజులు సెలవు. ఆ పది రోజుల ధర గడుల్లో సున్నా రాస్తే, మూడు లక్షలను 30తో భాగించి నెల సగటు 10,000 అని పట్టిక చెబుతుంది. ఖాళీ వదిలితే 20తోనే భాగించి 15,000 అని చెబుతుంది. సరైనది రెండోది. సెలవు రోజు ధర 0/0 కాబట్టి అక్కడ ఏ అంకె రాసినా కల్పితమే.

దిగుబడి గడిలో నియమం తిరగబడుతుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో దిగుబడి ఆధారంగా పరిహారం కట్టే పద్ధతి ఇది: హామీ దిగుబడిలోంచి ఆ ఏటి వాస్తవ దిగుబడిని తీసేసి, హామీ దిగుబడితో భాగించి, బీమా మొత్తంతో గుణించాలి. వాస్తవ దిగుబడి పైన ఉన్న అంకె. అది సున్నా అయినా లెక్క చక్కగా సాగుతుంది, రైతుకు పూర్తి బీమా మొత్తం రావాలని చెబుతుంది. హామీ దిగుబడి కింద ఉన్న అంకె. అది గడిచిన ఏళ్ల దిగుబడుల నుంచి వస్తుంది. గతంలో ఎన్నడూ ఆ ప్రాంతంలో వేయని పంటకు పాత లెక్కలు లేక హారమే ఉండదు, కాబట్టి ఈ సూత్రం నడవదు.

వాస్తవ దిగుబడిని పంటకోత ప్రయోగాలతో తేలుస్తారు. ఎంపిక చేసిన పొలాల్లో నిర్ణీత కొలతల గడి కట్టి, అందులోని పంట కోసి, తూకం వేసి, వైశాల్యంతో భాగిస్తారు. ఒక ప్రాంతంలో నాలుగు గడులు కట్టారనుకుందాం. రెండింటిలో ఎకరాకు 12 క్వింటాళ్ల చొప్పున తేలింది, మిగిలిన రెండింటిలో పంట పూర్తిగా పోయింది. పోయిన చోట తూకం సున్నా, వైశాల్యం సున్నా కాదు. కాబట్టి దిగుబడి కచ్చితంగా సున్నా, గడిలో సున్నా రాయాలి. అప్పుడు 12, 12, 0, 0 సగటు ఆరు. హామీ దిగుబడి 15 క్వింటాళ్లు, ఎకరాకు బీమా మొత్తం లక్ష రూపాయలు అయితే, 15లోంచి ఆరు తీసేస్తే తొమ్మిది, దాన్ని 15తో భాగిస్తే నూటికి 60 వంతులు. ఎకరాకు పరిహారం 60,000 రూపాయలు.

కోయడానికి ఏమీ లేదు కదా అని ఆ రెండు గడులూ ఖాళీ వదిలేస్తే, కంప్యూటర్ మిగిలిన రెండింటికే సగటు కట్టి 12 అంటుంది. పరిహారం 20,000కు పడిపోతుంది. రాయవలసిన రెండు సున్నాలు రాయకపోవడం వల్ల ఆ ప్రాంతంలోని ప్రతి రైతూ ఎకరాకు 40,000 రూపాయలు పోగొట్టుకుంటాడు.